అక్క సెట్టులో కూత

పాత రేడియో సెట్లు మొరాయిస్తే ఆ చుట్టుపక్కల అందరూ రేడియోలు బాగుచేసే ఆయన దగ్గరికే తెచ్చేవారు. అరవై నాలుగేళ్లొచ్చినా అక్క ముందు మాత్రం ఆయన చిన్నవాడే. ఆవిడ తంతి ఆఫీసులో ముప్ఫై ఏళ్లు మీట నొక్కిన మనిషి. తమ్ముడికి మోర్సు చుక్కలూ గీతలూ నేర్పింది కూడా ఆవిడే. రిటైరయ్యాక రోజూ పొద్దున్న పదింటికి మోర్సులో సందేశాలు పంపే తన హామ్ రేడియో సెట్టు ముందు కూర్చుని, ఎక్కడెక్కడో ఉన్న నలుగురు స్నేహితులతో మీట మీదే కబుర్లాడేది.

మీట నొక్కినప్పుడు మనం పంపేది మనకే వినిపించే కూతను సైడ్‌టోన్ అంటారు. అక్క సెట్టులో అది చెవిలో కందిరీగ దూరినట్టు రొద పెట్టేది. పది నిమిషాలకే తలనొప్పి.

"ఊళ్లోవాళ్ల సెట్లన్నీ బాగుచేస్తావు, నాది తప్ప!" అని దెప్పింది.

తమ్ముడికి రోషం వచ్చింది. మూత విప్పి, రెండు రెసిస్టర్లూ మూడు కెపాసిటర్లూ అతికించి ఆ గరుకంతా వడకట్టేశాడు. కూత మొదట్లో, చివర్లో టిక్కుమనే చప్పుడు కూడా ఉండకూడదని పంతం పట్టి, అక్కడ ఇంకో పెద్ద కెపాసిటర్ వేశాడు. తనే మీట నొక్కి విన్నాడు. వెన్నలా ఉంది. తన భుజం తనే తట్టుకున్నాడు.

అక్క కూర్చుంది. రెండు మాటలు పంపేసరికి చెయ్యి తడబడింది. అవతలివాళ్లు మళ్లీ పంపమన్నారు. వారం రోజులూ అదే వరస. చివరికి ఆవిడ మీట మీద గుడ్డ కప్పేసింది.

"కూత బాగుందిరా. నా చెయ్యే అయిపోయింది. రేపు అందరికీ సెలవు చెప్పేస్తాను."

ఆ చెయ్యి తప్పడం తమ్ముడు ఎన్నడూ ఎరగడు. "ఒక్కసారి పంపు, నేను వింటాను" అని హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. ఆవిడ వేగానికి ఒక చుక్క కూత పూర్తిగా ఆగకముందే ఇంకో చుక్క వచ్చి పడుతోంది. అన్నీ కలిసి ముద్దయిపోతున్నాయి. తన నత్తనడకకు ఈ తేడా తెలియనే లేదు. ఆయనకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"తప్పు నీ చేతిది కాదక్కా. నా వేగంతో పరీక్షించి ఇచ్చాను."

"అయితే నాకు వయసు రాలేదంటావా?"

"వచ్చింది. చేతికింకా రాలేదు."

పెద్ద కెపాసిటర్ తీసి చిన్నది వేశాడు. కాస్త టిక్కు మిగిలింది. ఉండనిమ్మంది అక్క.

మర్నాడు పదింటికి ఆవిడ మీట అందుకుంది. ఆవిడ పంపేది రాసుకుందామని తమ్ముడు పెన్సిల్ పట్టాడు. నాలుగు అక్షరాలు దాటేసరికి అందుకోలేక పక్కన పెట్టేశాడు. సంతోషంతో కళ్లు చెమ్మగిల్లాయి.

"ఏం పంపావక్కా?"

"రేపు కూడా వస్తానని."