అరువు తెచ్చిన ప్రయోగశాల

1986వ సంవత్సరం. నూజివీడు నుంచి ఒక దినపత్రికకు వార్తలు రాస్తున్న రోజులు. రాసినదంతా కవరులో పెట్టి విజయవాడ బస్సులో ఇస్తే, అక్కడ స్టాండులో మా ఆఫీసు మనిషి అందుకునేవాడు. మామిడి ధరలు, కరెంటు కోతలు, సన్మానాలు... దాదాపు ఇవే నా వార్తలు. మధ్యమధ్య ప్రైవేటు కాలేజీల అధ్యక్షుల సమావేశాలు.

ఆ చుట్టుపక్కల కాలేజీలు పెట్టినవాళ్లలో ఎక్కువమంది మామిడి వ్యాపారులు, రైసుమిల్లుల యజమానులు. కాలేజీ నడపడం వాళ్లకు కొత్త. ఒకరి అనుభవం చూసి ఒకరు నేర్చుకుందామని, వంతులవారీగా ఒక్కొక్కరి కాలేజీలో కలుసుకునేవారు. జరిగేది మాత్రం వేరు. పిలిచినాయన తన కొత్త భవనం చూపిస్తాడు, వచ్చినవాళ్లు చప్పట్లు కొడతారు, ఆపైన భోజనాలు. ఇబ్బంది ఎవరూ చెప్పరు. వ్యాపారస్తుడు నష్టం వచ్చిందని బజార్లో చెప్పుకోడు. ఆ అలవాటే కాలేజీలకూ వచ్చింది.

ఆ ఏడాది తోటలు పూత మీదున్నప్పుడు జరిగిన సమావేశంలో సుబ్బారావుగారు ఒక్కరే ఆ పద్ధతి తప్పారు. ఆయన మామిడి వ్యాపారి, కొత్తగా డిగ్రీ కాలేజీ తెరిచారు.

"మాకింకా అఫిలియేషన్ రాలేదండీ. తనిఖీ కమిటీ వస్తోంది. ల్యాబులో సామాను లేదు. ఏం చెయ్యమంటారు?" అని అడిగారు.

అఫిలియేషన్ అంటే విశ్వవిద్యాలయం ఇచ్చే గుర్తింపు. అది లేని కాలేజీ పిల్లలు పరీక్ష రాయలేరు. సుబ్బారావుగారు పిల్లల్ని ముందే చేర్చుకున్నారు. గుర్తింపు లేదన్న సంగతి వాళ్లకు చెప్పలేదు.

పట్టణంలో పాత కాలేజీ నడుపుతున్న చలపతిగారు నవ్వారు. "ఇంట్లో పెళ్లయితే గంగాళాలు కొంటావా ఏంటి? పక్కింట్లో తెచ్చుకుంటావు. మా సామాను పట్టికెళ్లవయ్యా. కమిటీ వెళ్లాక పంపిద్దువుగాని."

అందరూ నవ్వారు. వేళాకోళమేమో అనుకున్నాను.

కమిటీ వచ్చిన రోజున సుబ్బారావుగారు నన్ను పిలిచారు, గుర్తింపు వచ్చిన వార్త మొదట మా పేపర్లోనే రావాలని. ల్యాబు నిండా మైక్రోస్కోపులు, త్రాసులు. ముందురోజే మామిడికాయల పెట్టెల్లో గడ్డి వేసి తెప్పించారట. కమిటీలో పెద్దాయన ఒక ప్రొఫెసరు. ఒక మైక్రోస్కోపును అటూ ఇటూ తిప్పి చూసి, దాని అడుగున అంటుకున్న గడ్డిపరక తీసి బల్లమీద పెట్టారు.

"దీన్ని మొన్నే చలపతిగారి కాలేజీ తనిఖీలో పలకరించానండీ. మళ్లీ ఇక్కడ కనిపించింది."

"ఒకే కంపెనీ సరుకండీ, అందుకనీ..." అన్నారు సుబ్బారావుగారు, నవ్వబోతూ.

ప్రొఫెసరు వాదించలేదు. పక్కనే నిలబడ్డ నాగమణి అనే అమ్మాయిని అడిగారు. ఆమె తండ్రి ముసునూరు దగ్గర తోటల్లో కాయకోతకు వెళ్లే కూలీ.

"దీంతో ఏం చూశావమ్మా?"

"ఇంకా ఏం చూళ్లేదండి. తిరిగిచ్చెయ్యాలి, పగిలితే ఊరుకోరు, ముట్టుకోవద్దన్నారండి."

ఆ అమ్మాయికి అందులో దాచాల్సినదేదీ తోచలేదు. పైగా సుబ్బారావుగారి వైపు తిరిగి ఆశగా అడిగింది. "మా పరీక్షలకి మళ్లీ తెప్పిస్తారాండి?"

"మీరే చెప్పండి," అన్నారు ప్రొఫెసరు సుబ్బారావుగారితో. సుబ్బారావుగారి మొహం మెడదాకా ఎర్రబడింది. ఆ గదిలో నాకు కూడా తలెత్తాలనిపించలేదు.

గుర్తింపు రాలేదు. అయితే విశ్వవిద్యాలయం ఒక దారి చూపింది. గుర్తింపు ఉన్న కాలేజీ ఏదైనా ఈ పిల్లల్ని చేర్చుకుంటే పరీక్ష రాయవచ్చంది. ఎవరూ చేర్చుకోకపోతే ఏడాది చదువు పోయినట్టే.

సుబ్బారావుగారు అధ్యక్షులందరినీ మళ్లీ సమావేశపరిచారు. ఈసారి భవనం చూపించలేదు. నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పారు. పిల్లలకు అబద్ధం చెప్పి చేర్చుకున్నానన్నారు. ఇంక తన కాలేజీ ఉండదనీ, పిల్లల్ని ఎవరో ఒకరు తీసుకోవాలనీ అన్నారు.

ఒకాయన గొంతు తగ్గించి, "పేపరాయన ఉన్నారండీ. ఈ మాటలు ఇప్పుడెందుకు?" అన్నాడు.

"ఉండనివ్వండి. రాసుకోనివ్వండి. ఆ పిల్ల నన్ను అడిగినప్పుడు కూడా ఆయన అక్కడే ఉన్నారు."

పిల్లల్ని తీసుకుంటే ఆ కాలేజీకీ తనిఖీ వస్తుంది, సామాను ఎవరిదన్న ప్రశ్న మళ్లీ లేస్తుంది. అరువిచ్చినవాళ్లు, ఒకప్పుడు అరువు తెచ్చుకున్నవాళ్లు, అందరూ ఆ గదిలోనే ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చివరికి చలపతిగారు కండువా తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"నవ్వింది నేనేనయ్యా," అన్నారు. "పిల్లల్ని నా దగ్గరికి పంపించు. సామాను ఎవరిదని అడిగితే నాదేనంటాను. ఇంకేం చేస్తాం!"

ఆ తర్వాత మరొకాయన, తన ల్యాబులో కూడా సగం పెట్టెలు ఖాళీవేనని ఒప్పుకున్నాడు. ఇంకొకాయన, ఫిజిక్సు చెప్పే మనిషే లేడన్నాడు. వాళ్ల సమావేశాలకు అన్నిసార్లు వెళ్లినా, ఒకరి మాట ఒకరు నిజంగా వినడం నేను అప్పుడే చూశాను.

సుబ్బారావుగారు కోరినట్టే పూర్తిగా రాశాను. మర్నాడు పేపరు చూసి పిల్లల తల్లిదండ్రులు ఆయన మామిడి మండీకి వచ్చారు. ఆయన తలుపులు మూసుకోలేదు. వచ్చిన ప్రతివాళ్లకూ చేతులు జోడించి చెబుతున్నారు. నాగమణి తండ్రి అంతా విని, ఒక్కటే అడిగాడు.

"మా పిల్ల పరీక్ష రాసుద్దా, రాయదా?"

"రాసుద్దయ్యా. చలపతిగారి కాలేజీ నుంచి రాసుద్ది."

"మరి ఈ మాట ముందే చెబితే ఏం పోయిందండీ? ఇంతకాలం కనపడ్డప్పుడల్లా మీకు దణ్ణం పెడతానే ఉన్నానే!"

సుబ్బారావుగారు జోడించిన చేతులు విప్పలేదు. ఒక మనిషి తన తప్పును సాటివాళ్ల ముందు చెప్పుకోవడమే కష్టమని నేను అప్పటిదాకా అనుకునేవాణ్ని. నమ్మినవాడి ముందు చెప్పుకోవడం అంతకంటే కష్టమని ఆ మండీలో తెలిసింది. ఆ పనికి ఏ సదస్సూ శిక్షణ ఇవ్వదు.