సంచి పట్టుకున్నావిడ

తొంభైల్లో మాట. మర్నాడే నాకు సోషియాలజీ పరీక్ష. ఆర్.కె. పురంలో ఎక్కిన బస్సులో వేలాడుతున్నాను. ఢిల్లీ మర్యాద ప్రకారం, సీట్లో ఉన్న నర్సొకావిడ నా సంచి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఏడాది నోట్సంతా అందులోనే. ఆవిడ చేతుల మీంచి చూపు తిప్పలేదు నేను.

ఆవిడా తెలుగావిడేనట, పైకి కనబడుతున్న తెలుగు పేజీని చదివింది. “ఫంక్షనలిజం. జీవశాస్త్రం నుంచి తెచ్చుకున్న పోలిక. సమాజం శరీరంలాంటిది. ప్రతి ఆచారానికీ అవయవంలా ఓ పని ఉంటుంది, అదే మొత్తాన్ని నిలబెడుతుంది. మరి అపెండిక్సో, బాబూ? మా వార్డులో అది తీసేస్తే మనుషులు లేచి నడుస్తున్నారే.”

నా చూపు మళ్లీ సంచి మీదికే పోయింది.

“అచ్ఛా. ఇందాకట్నుంచి నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నావు. ఆ చూపుకేం పని?” నవ్వుతూ సంచి ఇచ్చి దిగిపోయింది.

నా స్టాపులో దిగగానే పేజీలు లెక్కపెట్టాను. అన్నీ ఉన్నాయి. ఆ లెక్కకేం పనో మాత్రం ఏ పేజీలోనూ లేదు.