నది తేటపడిన ఉదయం

నేపాల్ కొండల్లోని ఒక నదిని దోహా నుంచి చూస్తూ ఉండటం నా ఉద్యోగం. అక్కడ పెద్ద భూకంపం వచ్చాక కొండలు లోలోపల వదులైపోయాయి. వానాకాలం వచ్చిందంటే ఎక్కడో ఒకచోట చరియ విరిగి నదిలో పడుతుంది. నది ఎంత మట్టి మోసుకొస్తోందో తెలిస్తే పైన కొండల పరిస్థితి కొంత తెలుస్తుంది. అందుకని ఒక ఊరి దగ్గర, వేలాడే వంతెన కింద, నీళ్ళలో ఒక సెన్సార్ పెట్టారు. అది నీటి మడ్డిని కొలుస్తుంది. వంతెనకు బిగించిన ఇంకో పరికరం నీటిమట్టం చూస్తుంది. ఆ రెండు కొలతలూ గీతలుగా దోహాలో, అల్ మన్సూరాలోని మా ఫ్లాట్‌లో ఉన్న లాప్‌టాప్‌కి వచ్చేవి.

యంత్రాన్ని పూర్తిగా నమ్మలేం కాబట్టి ఆ ఊరి మనిషినే ఒకాయన్ని పనిలో పెట్టుకున్నారు. రోజూ పొద్దున గట్టు దిగి, సెన్సార్‌కు పట్టిన బురద కడిగి, సీసాలో నీళ్ళు పట్టుకెళ్ళేవాడు. నన్ను దీదీ అనేవాడు, నేను ఆయన్ని భయ్యా అనేదాన్ని. ఇద్దరిదీ వచ్చీరాని హిందీయే. ఆయన తమ్ముడు ఇక్కడే బిర్కత్ అల్ అవామిర్‌లో, ఒక గోడౌన్‌లో పనిచేస్తాడు. ఒకసారి సెలవు నుంచి తిరిగొస్తూ అన్న పంపిన ఎండు ఆకుకూర పొట్లం తెచ్చి ఇచ్చి, టీ తాగి వెళ్ళాడు.

ఆరోజు శుక్రవారం, నాకు సెలవు. మా ఆయన వంటింట్లో దోసెలు పోస్తుంటే, అలవాటుకొద్దీ లాప్‌టాప్ తెరిచాను. రాత్రంతా పైన కొండల్లో పెద్ద వాన పడినట్టు ఉంది. నది బురదతో పొంగుతూ ఉండాలి. కానీ మడ్డి గీత కిందికి జారుతోంది. నీళ్ళు తేటపడుతున్నాయి.

సెన్సార్‌కి చెత్త అడ్డుపడిందేమో అనుకున్నాను. అంతకుముందు అలా జరిగింది కూడా. ఆ తర్వాత నీటిమట్టం గీత చూశాను. అదీ పడిపోతోంది.

రెండు పరికరాలు ఒకేసారి చెడిపోవు. పైన చరియ పడి నదికి అడ్డంగా కట్టినట్టు నిలిచిపోయి ఉండాలి. బురద నీరంతా దాని వెనక ఆగిపోతోంది. కింద పారుతున్నది పక్క ఊటల నీళ్ళు. ఆ అడ్డు మట్టిదే. ఎప్పుడైనా తెగుతుంది.

కాఠ్మాండూలో ఉన్న మా మేనేజరుకు ఫోన్ చేశాను. ఆయన గొంతులో తొందర లేదు.

"మొన్న కూడా ఇలాగే నది ఆగిందన్నాం. వానలో ఊరంతా కొండెక్కింది. ఒక ముసలాయన కాలు విరిగింది. గుర్తుందా?"

"అప్పుడు మట్టం పడిపోలేదు సార్. ఇప్పుడు రెండూ పడుతున్నాయి."

"సరే, జిల్లా ఆఫీసుకి చెబుతాను. వాళ్ళు నిర్ధారించుకోనీ."

ఆ నిర్ధారణ అయ్యేదాకా ఆగడానికి నాకు మనసొప్పలేదు. ఆ వేళకి భయ్యా నీళ్ళ పక్కనే ఉంటాడు. ఆయనకు చేశాను, కలవలేదు. మళ్ళీ చేశాను. గట్టు దిగితే సిగ్నల్ ఉండదని ఆయనే చెప్పేవాడు.

మా ఆయన చేతిలో అట్లకాడతోనే హాల్లోకి వచ్చారు. ఆయనది కరీంనగర్. "ఏమైంది? గట్ల కూసున్నవేంది?" అన్నారు. చెప్పాను.

"ఆయన తమ్ముడు ఈడనే ఉన్నడు గద. గాయనకు చెయ్యి. గాయన తాన ఇంటోళ్ల నంబర్లు ఉంటయి."

తమ్ముడు చాలాసేపటికి ఎత్తాడు. వెనకాల ట్రక్కుల చప్పుడు. "దీదీ, డ్యూటీలో ఉన్నా. ఫోన్ మాట్లాడితే ఊరుకోరు."

"పైన చరియ అడ్డుపడి నది ఆగిపోయింది. తెగితే ఒక్కసారే వచ్చి పడుతుంది. మీ అన్నయ్య కిందే ఉన్నాడు, ఫోన్ కలవట్లేదు. ఊళ్ళో ఎవరితోనైనా పైకి పిలిపించు."

"వదినకి చేస్తా," అని పెట్టేశాడు.

తర్వాత ఎవరి నుంచీ కబురు లేదు. తెర ముందు నుంచి లేవలేకపోయాను. గీతలు ఇంకా కిందికి దిగి, అడుగున సాగాయి. ఉన్నట్టుండి నీటిమట్టం నిట్టనిలువుగా లేచింది. దాని వెంటే మడ్డి గీత కొలతకి అందనంత పైకి పోయింది. అంతే, రెండూ ఆగిపోయాయి. వంతెన దగ్గర ఇక పరికరాలు లేవని అర్థమైంది.

తమ్ముడికి చేస్తే ఎత్తలేదు. మా ఆయన పొయ్యి ఆర్పి కారు తాళాలు తీసుకున్నారు. "నడువు," అన్నారు.

శుక్రవారం కావడంతో రోడ్డు ఖాళీగా ఉంది. గోడౌన్ గేటు దగ్గర కబురు చేస్తే తమ్ముడు మెరిసే పట్టీల డ్యూటీ చొక్కాతో, చెమటలు కక్కుతూ వచ్చాడు. నా మొహంలో కబురేమైనా ఉందేమోనని చూశాడు. నేను అతని మొహంలో వెతికాను.

"వదిన ఎత్తింది. చెప్పా. పరిగెత్తుతున్నట్టు వినిపించింది, అంతలో కట్ అయింది," అన్నాడు.

కార్లో కూర్చోబెట్టి నీళ్ళిచ్చాం. సీసా చేత్తో పట్టుకుని ఉండిపోయాడు, తాగలేదు. నదికి పడిన అడ్డు తెగిందని అతనికి చెప్పాలా వద్దా అని నాలో నేను కొట్టుకుంటున్నాను. చివరికి చెప్పేశాను. అతను తల వంచుకున్నాడు.

అతను వదినకి మళ్ళీ మళ్ళీ చేస్తుంటే, వాళ్ళ ఊరి నుంచే ఫోన్ వచ్చింది. తమ్ముడు విన్నాడు. ఫోన్ నా చేతిలో పెట్టాడు.

భయ్యాదే గొంతు. నీళ్ళు అడుగు రాళ్ళు కనిపించేంత తేటగా ఉన్నాయట. ఊళ్ళోవాళ్ళు దిగి గుంటల్లో చిక్కిన చేపలు ఏరుకుంటున్నారట. భార్య గట్టు మీది నుంచి కేకలు వేస్తే, సీసా నింపుకొని వస్తానని ముందు చెయ్యి ఊపాడట.

"తమ్ముడు ఖతార్ నుంచి ఫోన్‌లో ఏడుస్తున్నాడని మా ఆవిడ అరిచింది, దీదీ. వాడు ఊరికే ఏడవడు. అందర్నీ లేపి పైకి తోలాను. చివర్న నేను ఎక్కుతుంటే కొండ కదిలినట్టు చప్పుడొచ్చింది."

మనుషులంతా దక్కారు. ఒడ్డున ఆయన మొక్కజొన్న చేను మొత్తం పోయింది. వంతెన కూడా పోయింది.

ఆ తర్వాత అడిగాడు. "మెషీన్ పోయింది కదా దీదీ. ఇక నా పని కూడా పోయినట్టేనా?"

ఆ నిర్ణయం నా చేతుల్లోది కాదు. అయినా, "లేదు భయ్యా. ఇంకా పైన కొత్తది పెట్టాలి. దాన్ని చూడ్డానికి మీరే ఉండాలి," అన్నాను.

గేటు దగ్గర నుంచి ఎవరో "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ కేకేశారు. తమ్ముడు సీసాలో నీళ్ళు సగం తాగి, మిగతావి మొహాన కొట్టుకుని, డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆ చలికాలంలో, ఊరికి ఎగువన, గట్టు మీది నుంచే చూసుకునేలా కొత్త పరికరాలు పెట్టించాం. నేనిచ్చిన మాట నిలబెట్టడానికి మేనేజరుతో గట్టిగానే వాదించాల్సి వచ్చింది. ఆయన ఒప్పుకున్నారు. రెండు గీతలూ కలిసి పడితే ముందు ఊరికి ఫోన్ చేయాలని, నిర్ధారణ సంగతి ఆ తర్వాతని ఆయనే అందరికీ రాసి పంపారు.