టర్బో కారు నుదుటి బొట్టు

ఆ రోజుల్లో మా కృష్ణా జిల్లాలో బొట్టు లేని యంత్రం ఉండేది కాదు. పిండిమరకి, కుట్టుమిషనుకి, చేలో నీళ్ళు తోడే డీజిలు ఇంజనుకి, ఆఖరికి నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన పాలిటెక్నిక్ వర్క్‌షాపులో లేతు మిషనుకి కూడా శుక్రవారం వచ్చేసరికి పసుపూ, మధ్యలో కుంకుమా పడాల్సిందే. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న దాన్ని కన్ను చూడడం మానేస్తుంది. మన ముఖం మీద ముక్కు మనకు కనపడుతుందా? అలాగే అదీనూ. ఇంత తత్వం ఎందుకు చెబుతున్నానంటే, నేను చాలా పద్ధతైన మనిషినని మా వాళ్ళందరికీ ఒక నమ్మకం. చదువుకునే రోజుల నుంచి డైరీ రాస్తున్నాను. ఏ బస్సెక్కానో, కిటికీ పక్క సీటు దొరికిందో లేదో కూడా రాసుకునే రకం. (మా ఆవిడ దీన్ని అలవాటు అనదు, జబ్బంటుంది.) అంతటి పద్ధతైనవాడిని ఒక కారు ఎంత ఆటాడించిందో చెబుతాను.

ఆ కారు మా బావది. బావంటే మా అక్క భర్త. కోడూరు దగ్గర రొయ్యల చెరువులుండేవి. రొయ్య బంగారంలా పలికిన రోజుల్లో ఆయన మద్రాసు వెళ్ళి, అప్పటికే పాతబడిన ఒక విదేశీ స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. ఎర్రటి రంగు, రెండే తలుపులు, చాప మీద కూర్చున్నంత కిందకి సీట్లు. పైగా దానికి టర్బో. ఇంజను వదిలే పొగతోనే ఒక చిన్న చక్రం తిరిగి, ఆ చక్రం ఇంజనులోకి గాలిని బలవంతంగా కుక్కుతుందన్నమాట. కాలు గట్టిగా నొక్కితే ముందు సన్నగా ఈల వినపడేది, వెంటనే వీపు సీటుకి అంటుకుపోయేది. దివిసీమ రోడ్ల మీద అటువంటి బండి ఎందుకని మీరడగొచ్చు. మా అక్కా అదే అడిగింది. "గేదెకి పట్టు చీర కట్టినట్టుంది మీ కారు" అంది. బావ వినిపించుకోలేదు.

వచ్చిన కొన్నాళ్ళకే దానికి మిస్సింగ్ పట్టుకుంది. నాలుగు సిలిండర్లు వరసగా మండాల్సిన చోట ఒకటో రెండో మండకుండా ఎగ్గొట్టేవి. ఇంటి ముందు నిలబెట్టి స్టార్ట్ చేస్తే బుద్ధిమంతుడు. మెల్లగా నడిపితే సాధువు. కాలు నొక్కి, ఈల మొదలై, ఇక లంఘిస్తుందనుకునే క్షణంలో టప్ టప్‌మని దగ్గి, ఎక్కిళ్ళు పెట్టి, ముక్కుతూ నిలబడేది. ఆటోమొబైల్ పాఠం చెప్పే బావమరిది గుడివాడలో ఉండగా బావకి ఇంకెవరు గుర్తొస్తారు?

"ఏవోయ్ ఇంజనీరూ, పిల్లలకి బోర్డు మీద చెప్పడం కాదు, దీని సంగతి తేల్చు" అనేవాడు.

నేను ఇంజనీరుని కాదు, ఇన్‌స్ట్రక్టరుని. కానీ ఆ పిలుపు బాగుండేది, దిద్దలేదు. ఆదివారం వచ్చిందంటే బస్సు పట్టుకుని కోడూరు వెళ్ళేవాణ్ణి. నాకు తోడుగా బందరు నుంచి ఒక మేస్త్రీ వచ్చేవాడు. అందరూ ఆయన్ని 'భాయ్' అనేవారు. పని చక్కగా చేసేవాడు, అంతకంటే చక్కగా బండి రోగమేంటో చెప్పేవాడు. ఒకసారి పెట్రోలు పడట్లేదన్నాడు, ఒకసారి సముద్రపు గాలన్నాడు. నేనేమో పుస్తకం ప్రకారం వెళ్ళాను. సిలిండర్లలో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు మార్చాం, వాటి సందు తగ్గించాం. టర్బో నుంచి ఇంజనుకి వెళ్ళే గాలి గొట్టాల క్లిప్పులు బిగించాం. పెట్రోలు ఫిల్టరు మార్చాం. వైర్లూ, ఆ ప్లగ్గులకి కరెంటు పంపే కాయిలూ మార్చాం. ప్రతిదీ డైరీలోకెక్కేది. మార్చిన ప్రతిసారీ బండి వాకిట్లో బ్రహ్మాండంగా తిరిగేది, మేం చేతులు కడుక్కునేవాళ్ళం, అక్క భోజనాలు వడ్డించేది. తిని రోడ్డెక్కితే మళ్ళీ ఎక్కిళ్ళు.

ఇక్కడే మా అక్క పూజ సంగతి చెప్పాలి. లోకమంతా కారు బానెట్ మీద బొట్టు పెడుతుంది. మా అక్క సిద్ధాంతం వేరు. "బొట్టు ముఖానికి పెడతాం గానీ గొడుగుకి పెడతామట్రా?" అనేది. చెరువు గట్టు మీద డీజిలు ఇంజన్లన్నిటికీ ఒంటిమీదే పెట్టేది, అవేనాడూ పల్లెత్తు మాటనలేదు. అందుకని కారుకీ బానెట్ ఎత్తించి, ప్లగ్గుల మీద ఒక్కొక్క బొట్టు, వైర్ల మీద బొట్లు, వైర్లన్నీ వచ్చి కలిసే డిస్ట్రిబ్యూటర్ మూత గుండ్రంగా నుదురులా ఉందని దానికి పెద్ద బొట్టు. మేం కొత్త సామాను వేస్తే దానికీ బొట్టు. భాయ్ అయితే మరీ మర్యాదస్థుడు. విప్పేటప్పుడు కూడా బొట్టు చెదరకుండా రెండు వేళ్ళతో పట్టుకుని, "అమ్మగారు పెట్టింది, మనం తుడవకూడదు కదండీ" అనేవాడు. పని కాగానే లోపలికి కేకేసేవాడు: "అమ్మగారూ, కొత్త వైర్లండీ, బొట్టు పెట్టుకోండి!" నేను పక్కనే రెంచీ పట్టుకుని, ఇంత పద్ధతైన మేస్త్రీ దొరికాడని సంతోషించేవాణ్ణి.

ఇలా ఉండగా రొయ్యకి తెగులొచ్చింది. ఒక పంట మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. బావ ఒక్క చెరువు మాత్రం శుభ్రం చేయించి, మళ్ళీ సీడు తెప్పించాడు. సీడంటే వెంట్రుకంత సన్నటి రొయ్య పిల్లలు. ప్లాస్టిక్ సంచుల్లో సగం నీళ్ళు, సగం ఆక్సిజను నింపి పంపిస్తారు. వేళకి చెరువులో పడకపోతే సంచుల్లోనే చచ్చిపోతాయి. ఆ రోజు నేను కోడూరులోనే ఉన్నాను. పొద్దున్నే టెలిఫోను కబురొచ్చింది. సీడు తెస్తున్న వ్యాను బందరులో ఇరుసు విరిగి ఆగిపోయింది. మంచి రోజని చుట్టుపక్కల అందరూ సీడు వదులుతున్నారు, ఇంకో బండి దొరకలేదు.

బావ ముఖం పాలిపోయింది. "ఇదీ పోతే చెరువు ఎండగట్టుకుని కూర్చోడమేనే" అన్నాడు అక్కతో.

"ఎర్రగుర్రం ఉందిగా, తియ్యండి" అంది అక్క. "ఈసారన్నా అక్కరకి రాకపోతే దాన్ని కోళ్ళగూడు చేస్తాను, ముందే చెబుతున్నా." అంటూనే బానెట్ ఎత్తించి, మామూలు కంటే లావుగా బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు ఇంజను మీద చిలకరించింది. మేం భక్తిగా దణ్ణం పెట్టుకున్నాం.

వెళ్ళేటప్పుడు ఎక్కిళ్ళకి భయపడి నిదానంగా వెళ్ళాం. అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి మీదుగా బందరు చేరేసరికే వ్యాను డ్రైవరు గంతులేస్తున్నాడు. "ఏంటండీ బాబూ, పెళ్ళినడక నడిచొచ్చారా? సంచులు వేడెక్కిపోతున్నాయండీ!" సంచులు వెనక అరలో కుక్కాం, కాళ్ళ దగ్గర పేర్చాం, మిగిలినవి నా ఒళ్ళో. బావ ఎడమ పక్క స్టీరింగు వెనక కూర్చుని కాలు నొక్కాడు. ఈల, దగ్గు, ఎక్కిళ్ళు. వదిలితే సాధువు, నొక్కితే దగ్గు. చల్లపల్లి దాటేసరికి మబ్బు కమ్మి తుంపర మొదలైంది. మోపిదేవి దాటాక ఇక మామూలు నడక కూడా రాలేదు. రోడ్డు పక్క ఆగిపోయాం. మా వెనకే వస్తున్న ఎడ్లబండి మమ్మల్ని దాటుకుంటూ పోయింది. బండాయన మమ్మల్నీ, కారునీ చూసి ఎడ్లని మెల్లగా అదిలించాడు, అదే ఎక్కువ బాధ పెట్టింది.

ఒళ్ళో సంచులు బావకిచ్చి బానెట్ ఎత్తాను. మబ్బుకి పట్టపగలే మసక చీకటిగా ఉంది. తుంపర పడకుండా పైన నా గొడుగు పట్టుకుని, "ఒకసారి స్టార్ట్ చేసి నొక్కండి బావా" అన్నాను. నొక్కాడు. అప్పుడు చూశాను. డిస్ట్రిబ్యూటర్ నుదుటి మీది బొట్టు నుంచి సన్నటి నీలం మెరుపు బయల్దేరి, పసుపు చారల వెంట చీమలా పాకి, పక్కనున్న ఇనుము మీదకి దూకుతోంది. ప్లగ్గుల దగ్గర కూడా అదే తంతు. లోపల మండాల్సిన నిప్పు బయట బొట్ల మీద దీపావళి చేసుకుంటోంది. కళ్ళు నమ్మక వేలు పెట్టాను. ఎంత పద్ధతైన మనిషైనా ఒక్కొక్కప్పుడు అలా పెడతాడు. అంతే, గొడుగొకవైపు, నేనొకవైపు పడ్డాం.

"ఏవైందోయ్?" బావ అరిచాడు.

"తెలిసింది బావా!" రోడ్డు మీద కూర్చునే అన్నాను. "మిస్సింగ్ దొరికింది!"

కోడూరులో బోరు నీళ్ళు ఉప్పన. అక్క పసుపు కలిపేది ఆ నీళ్ళతోనే. ఉప్పుతో కలిసిన పసుపు ఎండినా, సముద్రపు గాలి తగలగానే మళ్ళీ చెమర్చుతుంది. చెమ్మ మీద కరెంటు దారి చేసుకుంటుంది. టర్బో గాలి కుక్కినప్పుడు లోపల నిప్పు పుట్టడానికి ఎక్కువ బలం కావాలి. అప్పుడు ఆ కరెంటు లోపలికి పోకుండా, బయట సులువైన దారి చూసుకునేది. డీజిలు ఇంజన్లకి ఈ నిప్పు పనే లేదు కాబట్టి అవి ఎన్ని బొట్లైనా పెట్టించుకున్నాయి. ఇదంతా నేను పిల్లలకి పాఠంగా చెప్పినవాణ్ణే. కారు నుదుట అది రాసుందని మాత్రం చూసుకోలేదు.

తుడవడానికి గుడ్డ లేదు. చొక్కా విప్పేశాను. బావ కంగారుపడ్డాడు. "ఒరేయ్, మీ అక్క పెట్టిన బొట్లోయ్!" "మీ సీడు బావా!" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఒళ్ళో సంచుల కేసి చూసి, ముఖం అటు తిప్పుకుని, "నేను చూళ్ళేదు, కానీయ్" అన్నాడు. ఒక్కొక్క ప్లగ్గూ, ఒక్కొక్క వైరూ, మూతా లోపలి అంచులదాకా తుడిచాను.

ఇక ఆ కారు చేసిన పని చెప్పడానికి నాకు మాటలు చాలవు. కాలు నొక్కగానే ఈల, ఈల వెనకే గాలిపటంలా లేచింది. ఎడ్లబండిని దాటాం. (దాటేటప్పుడు బావ హారను కొట్టాడు, అవసరం లేదు.) అవనిగడ్డ ఎప్పుడు దాటామో తెలియలేదు. కోడూరు వీధిలో నేను బనీనుతో, ఒళ్ళో రొయ్య పిల్లలతో, పెళ్ళికొడుకులా దిగాను. సంచులు చెరువు నీళ్ళలో తేలేసి, నీళ్ళు చల్లబడ్డాక మూతులు విప్పితే, ముందొకటి, తర్వాత పదులు, తర్వాత నీళ్ళంతా సన్నటి కదలిక. బావ గట్టు మీద కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"చూశావా, బొట్టు మహిమ" అంది అక్క. "లావుగా పెట్టాను గనకే వచ్చింది."

బావ నా వంక చూశాడు. నేను ఆకాశం వంక చూశాను. తర్వాత గొంతు సవరించుకుని, "అక్కా, స్పోర్ట్స్ కార్లకి ముఖం వేరే చోట ఉంటుంది. లోపల గాలి ఫిల్టరు డబ్బా ఉంది చూడు, అదీ. ఊపిరి పీల్చేది అక్కడే కదా, ముక్కున్న చోటే ముఖం" అన్నాను. వాదిస్తుందనుకున్నాను. "అలాగా, ముందే చెప్పొచ్చుగా" అని ఊరుకుంది. ఆ శుక్రవారం నుంచి బొట్టు డబ్బాకే. మిస్సింగ్ మళ్ళీ రాలేదు. భాయ్ మాత్రం, తను ఆఖర్న వేసిన కాయిల్ వల్లే బాగుపడిందని బందరంతా చెప్పుకున్నాడు. నేను కాదనలేదు.

రిటైరయ్యాక మొన్నీమధ్య ఒక చిన్న కారు కొన్నాను. అక్క చూడడానికొచ్చింది. ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు, కర్ర పట్టుకుని నడుస్తుంది, కానీ పసుపు గిన్నె తనే తెచ్చుకుంది. బానెట్ ఎత్తాను. లోపలంతా నల్లటి ప్లాస్టిక్కు మూత. అక్క వేలు గాల్లో ఆపి, "దీనికి ఇక్కడ పెట్టొచ్చా, లేకపోతే దీనికీ ముఖం వేరే చోట ఉందా?" అంది.

బానెట్ పట్టుకున్నవాణ్ణి అలాగే అక్క వైపు తిరిగాను.

"ఆ రోజు నీ చొక్కా ఉతికింది నేనే కదరా. అంత పసుపు ఎక్కడిదనుకున్నావు? ఎంత రుద్దినా వదల్లేదు."

డైరీలో ఆ రోజు నేను చాలా వివరంగా రాసుకున్నాను: వాన, ఎడ్లబండి, షాకు, సీడు. సాయంత్రం చొక్కా ఎవరు ఉతికారో మాత్రం రాసుకోలేదు. అంత పద్ధతైన మనిషిని. బొట్టు పెట్టించుకుని, బానెట్ మెల్లగా దించి, అక్కని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బందరు రోడ్డు మీద అలా తిప్పుకొచ్చాను. ఈ కారుకి ఈల లేదు. ఈల లోటు తీర్చడానికా అన్నట్టు దారంతా అక్క నవ్వుతూనే ఉంది.