విమానంలో అవ్వకు తోడు

నా చిన్నప్పుడు మా ధర్మవరం వీధిలో విమానమంటే తలెత్తి చూసేదే తప్ప ఎక్కేది కాదు. అలాంటిది మా అవ్వా, నేనూ ఒకరోజు దాన్ని ఎక్కవలసి వచ్చింది.

హైదరాబాదులో మా మేనత్తకు కాన్పు కష్టమైంది. ఆపరేషన్ చేయాలంటున్నారని, ఆమె మాత్రం అమ్మ వస్తే తప్ప లోపలికి పోనని ఏడుస్తోందని ఫోన్ వచ్చింది. బస్సుకు పోతే చేరేసరికి తెల్లారిపోతుంది. మా నాయన నేసిన చీరలు కొనే షావుకారు ఆ పొద్దు సొంత విమానంలో కొత్తచెరువు వైపున్న విమానాల మైదానానికి వచ్చి ఉన్నాడు. మధ్యాహ్నం హైదరాబాదుకే పోతున్నాం, వెనక రెండు సీట్లున్నాయి, రమ్మన్నాడు. తీరా పోతే, మా నాయన బొద్దు మనిషి కావడంతో బరువు మీరుతుందన్నారు. ఆయన బస్సుకు వస్తానని, అవ్వకు తోడుగా బక్కపలచటి నన్ను ముందుకు తోశాడు.

విమానాన్ని దగ్గరగా చూడగానే అవ్వ అక్కడే ఆగిపోయింది. "మన మగ్గం గుంతంత కూడా లేదు కదప్పా, దీంట్లో ఎట్ల పోయేది?" అని రెక్క నీడలో చతికిలబడింది. కూతురి దగ్గరికి పోవాలని ప్రాణం కొట్టుకుంటోంది, కాళ్లేమో లేవవు. షావుకారు భయపడొద్దన్నాడు. మా నాయన భయపడొద్దన్నాడు. అన్నకొద్దీ ఆమె ఇంకా బిగుసుకుపోయింది. భయం మరిచిపోదామన్నా మరవనిస్తేనా వీళ్లు!

విమానం నడిపేది ఒక అక్క. ఆమె ఒక్కతే ఆ మాట అనలేదు. నన్ను తోక వైపుకు పిలిచి చెవిలో చెప్పింది.

"మీ అవ్వ శానా భయపడతాండాది పాపా. నువ్వే గట్టిగా చెయ్యి పట్టుకోవల్ల. విడిస్తే తట్టుకోలేదు."

నిజానికి అప్పటిదాకా నేనే మా నాయన చొక్కా పట్టుకుని వదలలేదు. ఆ మాటతో ఎక్కడలేని పెద్దరికం వచ్చేసింది. తర్వాత ఆ అక్క అవ్వ పక్కన కూర్చుని ఆమెతోనూ ఏదో గుసగుసలాడింది. అవ్వ ఒకసారి నా వైపు చూసి, కొంగు దోపుకుని లేచి నిలబడింది. నా ధైర్యం చూసే లేచిందనుకుని మురిసిపోయాను.

దారిపొడవునా ఆ అక్క ఏం జరగబోతోందో ముందుగానే చెబుతూ వచ్చింది. ఇప్పుడు చప్పుడు పెరుగుతుంది, ఇప్పుడు ఒక పక్కకు వంగుతాం అని. ఎండకు కాలిన బీడు మీద వేడిగాలి లేస్తుందని, ఆ గాలి మీదే తేలుతున్న గద్దను చూపించి, మనమూ కాస్త ఊగుతామని చెప్పింది. చెప్పినట్టే ఊగాం, మా ఉరవకొండ బస్సు గుంతల బాటలో ఊగినట్టు. అవ్వ పట్టుకు ఆమె గాజులు నా మణికట్టులో దిగబడ్డాయి. నేను ఆమె నోట్లో నిమ్మతొన పెడితే ఆమె నా నోట్లో బెల్లంముక్క పెట్టింది. ఇద్దరం చేతులు మాత్రం విడవలేదు.

అత్తను లోపలికి తీసుకుపోయేలోపే చేరాం. అవ్వ తల నిమిరిన తర్వాతే అత్త ఆపరేషన్‌కు ఒప్పుకుంది. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. ఆ సంతోషంలో ఆ అక్క పేరైనా అడగలేదు మేము.

పెళ్లయి పిల్లలు పుట్టాక ఒకనాడు గొప్పగా ఆ అక్క నా చెవిలో చెప్పిన రహస్యం అవ్వకు చెప్పాను. ఆమె కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"అట్లనా? నాకేమో నువ్వు వణకతాండావని చెప్పిందే ఆయమ్మ. చెయ్యి విడిస్తే పిల్ల గుండె పగిలి ఏడుస్తాదని."

మరి నీకు భయం కాలేదా అవ్వా అని అడిగాను.

"యాడిది భయం? నిన్ను పట్టుకోవల్ల కదా."

అప్పటినుంచి నేను ఎవరికీ భయపడొద్దని చెప్పను. మొన్న మా కూతుర్ని కాన్పుకు లోపలికి తీసుకుపోతుంటే దాని ముఖం పాలిపోయింది. నాకు భయంగా ఉండాది, కొంచెం చెయ్యి పట్టుకోమ్మా అన్నాను. అది అబద్ధమేమీ కాదు. పిచ్చిపిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ఏం కాదులేమ్మా అని నన్నే ఓదారుస్తూ లోపలికి పోయింది.