బుడ్డి, బిడ్డ

అక్షరాలు రాకముందు నేను చదవగలిగిన కాగితం ఒక్కటే. అది మిక్చరు బుడ్డికి అంటించిన కాగితం. ఆ రోజుల్లో డాక్టరు దగ్గరికి బుడ్డి మనమే కడిగి తీసుకుపోవాలి. అందులో మందు పోసి, అంచును మెట్లు మెట్లుగా కత్తిరించిన తెల్ల కాగితం పక్కన అంటించి ఇచ్చేవాళ్లు. పూటకు ఒక మెట్టు దిగాలి. చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యే రాత అది. ముసలితనంలో, మా వీధి బడిలో తోటి ఆడవాళ్లతో పాటు పలక పట్టుకుని కూర్చున్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ మెట్లే.

అరవవాళ్ల నుంచి మన రాష్ట్రం విడిపోయిన కొత్తలు. ఆత్మకూరులో శెనక్కాయల మిల్లులో నా భర్త బస్తాలు మోసేవాడు. నేను పప్పు ఏరేదాన్ని. పాకే బిడ్డను పక్కన గోనెపట్టా మీద కూర్చోబెట్టుకునేదాన్ని. అది ఆడబిడ్డ, మాకు మొదటిది. ఒకరోజు వరసగా పేర్చిన బస్తాలు జారి నా మీద పడ్డాయి. బిడ్డకు దుమ్ము కూడా తగల్లేదు. నాకు తుంటి దగ్గర ఎముక విరిగింది.

ఊళ్లో డాక్టరు మంచివాడే. చెక్కలు పెట్టి కట్టు కట్టాడు. నా అరుపులు వినలేక మొదట్లో సూది వేశాడు. తర్వాత మిక్చరు ఇచ్చాడు. ముదురు కషాయం రంగు, నాలుక మీద విషంలాంటి చేదు. అయినా తాగిన కాసేపటికి తుంటిలోని మంట ఎవరో చెంబెడు నీళ్లు పోసినట్టు చల్లారిపోయేది. నొప్పి లేకపోవడం ఎంత సుఖమో, నొప్పి పడ్డవాళ్లకే తెలుసు. బుడ్డి అయిపోగానే నా భర్త మళ్లీ నింపించుకుని వచ్చేవాడు. ఎముక అతుక్కుంది. కట్టు విప్పారు. కర్ర పట్టుకుని నడిచాను. బుడ్డి మాత్రం తలాపునే ఉండిపోయింది.

అది నొప్పిని ఒక్కదాన్నే తీసుకుపోలేదు. ఆకలి తీసుకుపోయింది, కోపం తీసుకుపోయింది. రొమ్ములో పాలు ఎప్పుడు ఎండిపోయాయో కూడా నాకు గుర్తు లేదు. బిడ్డ ఏడుస్తుంటే నాకు వినపడేది. కానీ నాలుగిళ్ల అవతల ఎవరి బిడ్డో ఏడుస్తున్నట్టు వినపడేది. అది మొదటిసారి లేచి నిలబడి నడిచిన రోజు నేను గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాను. తూలుకుంటూ నాలుగు అడుగులు వేసి, పొయ్యి దగ్గరున్న మా అత్త కొంగు పట్టుకుంది. అత్త నవ్వుతూ నావైపు తిరిగింది. నా మొహం చూసి ఆమె నవ్వు ఆగిపోయింది. నా మొహంలో ఏముందో నాకు తెలియదు. ఏమీ లేదని ఆమె తర్వాత చెప్పింది.

ఇంకొన్ని నెలలకు, ఎముక కుదిరింది, ఇక మందు అక్కర్లేదన్నాడు డాక్టరు. బుడ్డి నింపడం మానేశాడు. మరుసటి రోజు పొద్దుటికి నాకు ఆవలింతలు మొదలయ్యాయి. దవడలు నొప్పి పుట్టేట్టు ఆవలింతలు. కళ్లూ ముక్కూ కారిపోయాయి. ఎండలో కూర్చున్నా ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. కాళ్లు నావి కానట్టు వాటంతటవే తన్నుకున్నాయి. కడుపులో పేగులు మెలిపెట్టినట్టయి తాగిన నీళ్లు కూడా నిలవలేదు. చచ్చిపోతున్నానని అనుకున్నాను. ఇంట్లోవాళ్లూ అదే అనుకున్నారు.

మా వైపు మందు అంటే రెండు రకాలు. డాక్టరు ఇచ్చేది ఒకటి. గిట్టనివాళ్లు తిండిలో కలిపి పెట్టేది ఒకటి. బాగున్న మనిషి ఉన్నట్టుండి తిండి మాని శుష్కించిపోతే ఎవరో మందు పెట్టారంటారు. డాక్టరు మందు ఆగిపోయినందుకే నాకు ఇట్లా అవుతోందని మాలో ఒక్కరికీ తోచలేదు. మందు రోగం తగ్గిస్తుంది గానీ, మానేస్తే రోగం తెప్పిస్తుందని ఎవరు ఊహిస్తారు? అందరం రెండో మందునే అనుమానించాం. నేను కూడా.

కలువాయి అవతల మందు కక్కించే మనిషి ఒకడుండేవాడు. మా మరిది బండి కట్టాడు. నా భర్త, మా అత్త తోడు వచ్చారు. దారంతా నేను బండిలో దొర్లుతూనే ఉన్నాను. ఆ మనిషి నా నాడి చూసి, ఎవరి చేతి తీపి తిన్నావని అడిగాడు. అంతకు ముందు మా అమ్మ నన్ను చూడటానికి వచ్చి నువ్వుల చిమ్మిలి ఉండలు పెట్టిపోయింది. ఆ మాటే చెప్పాను. అతను తల ఊపి, ఆకుపసరు తాగించాడు. అసలే నిలవని కడుపు. పేగులు బయటికి వచ్చేట్టు కక్కాను. మట్టిలో పుల్లతో వెతికి నల్లటి ఉండ ఒకటి చూపించి, ఇదే మందు అన్నాడు. కూతురిని తనవైపు తిప్పుకోవడానికి తల్లే పెట్టి ఉంటుందన్నాడు. మా అత్త ఆ ఉండవైపు చూసింది గానీ నావైపు చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు నాకు తెలివి సరిగా లేదు. ఆత్మకూరు చేరగానే నా భర్త బండిని డాక్టరు ఇంటి ముందు ఆపించాడు. ఆయన నా కనురెప్పలు ఎత్తి చూసి, లోపలికి పోయి గాజుగ్లాసులో పాత మిక్చరే తెచ్చి తాగించాడు. అరగంట పట్టలేదు. కాళ్లు ఊరుకున్నాయి. చెమట ఆరింది. లేచి కూర్చుని అన్నం అడిగాను. మా మరిది కాడి మీద చెయ్యి వేసి నిలబడి నన్నే చూస్తున్నాడు.

"కక్కిస్తే పోని మందు తాగిస్తే పోయిందేందన్నా!" అన్నాడు అన్నతో.

అప్పుడు డాక్టరు చెప్పాడు. ఈ మిక్చరులో నల్లమందు సత్తు ఉందని, ఒళ్లు దానికి అలవాటు పడిపోయిందని, ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెం తగ్గిస్తూ ఆపాల్సిందని. తాను కూడా ఆ సంగతి ముందే ఆలోచించాల్సిందని అన్నాడు. ఇంకొక బుడ్డి ఇస్తానని, దాంతోనే కొంచెం కొంచెంగా మానేయమని చెప్పాడు.

నల్లమందు అనే మాట మా అత్త కూడా విన్నది. ఇంటికి వచ్చాక బిడ్డను చంకనేసుకుని నా ముందుకు వచ్చింది. ఆమె గట్టిగా మాట్లాడలేదు.

"మా నాయన నల్లమందు తిన్నాడమ్మే. పిలిస్తే పలికేవాడు గాదు. నాయన ఉండీ నాయన లేని బిడ్డను నేను. దీన్ని అట్లా కానీను. బుడ్డి కావాల్నో, బిడ్డ కావాల్నో నువ్వే చూసుకో. బుడ్డి వదిలిననాడు వచ్చి బిడ్డను తీసుకో."

సారా నిషేధం రోజులు అవి. సారా కాసేవాళ్ల కుండలు పగలగొట్టేవాళ్లు. నా బుడ్డికి అడ్డు చెప్పేవాళ్లు మా అత్త తప్ప ఎవరూ లేరు. అది అప్పుడు నాకు మేలుగా కనిపించలేదు. బిడ్డను నాకు దూరం చేస్తోందనే అనుకున్నాను. అంతకన్నా చెప్పుకోలేని సంగతి ఇంకొకటి ఉంది. బిడ్డ నా చేయిదాటి పోయినా నా కళ్లలో నీళ్లు రాలేదు. మిక్చరు పని చేస్తూనే ఉంది.

మా అమ్మది ఉదయగిరి దగ్గర, కొండ కింద పల్లె. చిమ్మిలి సంగతి ఆమె చెవిన పడనే పడింది. బస్సెక్కి ఆత్మకూరు వచ్చింది. గడప బయటే నిలబడి, కాళ్లు కూడా కడుక్కోకుండా మా అత్తతో అంది.

"మందు పెట్టినదాన్ని నేనే అంటిరి గదా వదినా. పెట్టినదే తియ్యాల. నా బిడ్డను నాతో పంపించు."

మా అత్త లోపలికి పోయి నా చీరలు మూట కట్టి తెచ్చింది. 

మా అమ్మ రెండు బర్రెలు పెట్టుకుని ఉదయగిరిలో పాలు పోసేది. నీళ్లు కలుపుతుందని అందరికీ తెలుసు. ఆమె పాలచెంబులో కొండ మీది దుర్గం నీడ కనపడుతుందని అంగళ్లవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. కనపడితే దండం పెట్టుకోండి అనేది. డాక్టరు ఇచ్చిన బుడ్డిని వెలుతురుకు ఎత్తి, కాగితం మెట్లు చూసి, తన పద్ధతి తానే పెట్టుకుంది. పూటకు ఒక మెట్టు నాకు తాగించేది. ఎంత తగ్గిందో అంత కాచి చల్లార్చిన నీళ్లు పోసి మళ్లీ మొదటి మెట్టుకు తెచ్చేది. బుడ్డి ఎప్పుడూ నిండుగానే ఉండేది. రంగు మాత్రం పూటపూటకూ పలచబడేది.

"దిగులు పడబాకమ్మే. నీళ్లు కలిపేదాంట్లో నన్ను మించినోళ్లు ఈ ఉదయగిరిలో ల్యారు," అంది.

నవ్వు రాలేదు నాకు. వచ్చే రోజులు ఎట్లా ఉంటాయో నాకు తెలుసు. ఆత్మకూరులో ఒక్కసారిగా విరుచుకుపడింది, ఇక్కడ చిన్నగా వచ్చింది. అంతే తేడా. ఆవలింతలు, చలి, కాళ్ల తన్నులాట అన్నీ వచ్చాయి. కూర్చోలేను, పడుకోలేను, నడవలేను. తుంటిలో అణిగి ఉన్న నొప్పి మళ్లీ లేచింది. అమ్మ వావిలాకు వేసి కాచిన నీళ్లు పోసేది. ఉప్పు వేయించి గుడ్డలో కట్టి కాపడం పెట్టేది. అంబలి చెంచాతో తాగిస్తే కక్కేదాన్ని. మళ్లీ తాగించేది. కాళ్లు ఆగనప్పుడు తన కాళ్లు చాపి, నా కాళ్ల మీద వేసి, ఊరి సంగతులు చెబుతూ పాలచెంబులు తోముకునేది.

ఒకరోజు అమ్మ పాలకు పోయినప్పుడు కర్ర పట్టుకుని ఉదయగిరి దారి పట్టాను. అక్కడ కూడా డాక్టరు ఉన్నాడని, తుంటి చూపిస్తే మందు ఇస్తాడని నా ఆశ. ఎండలో కొంతదూరం నడిచి, ఇక నడవలేక దారిపక్క బండ మీద కూర్చున్నాను. ఖాళీ చెంబులతో తిరిగివస్తున్న అమ్మ నన్ను చూసింది. చెంబులు దించి నా పక్కన కూర్చుంది.

"ఆ డాక్టరుకు నేనే పాలు పోస్తాను. నువ్వు వస్తే ఏం జెప్పాల్నో నిన్ననే జెప్పినాను," అంది.

ఇద్దరం ఇంటికి వచ్చాం.

బుడ్డిలో రంగు టీ నీళ్లంత పలచబడ్డ రోజుల్లో అమ్మ నా తలకు ఆముదం పెట్టింది. ఎన్నాళ్లుగానో నూనె లేక జుట్టు అట్టకట్టిపోయి ఉంది. గోరువెచ్చటి ఆముదం మాడుకు తగలగానే ఆ వాసన వచ్చింది. నా బిడ్డ తల వాసన అది. మిల్లులో పప్పు ఏరుతూ మధ్యమధ్యలో వంగి దాని మాడు వాసన చూసేదాన్ని. అది ఒక్కసారిగా గుర్తొచ్చింది. దాని మొదటి అడుగులు గుర్తొచ్చాయి. అది అత్త కొంగు పట్టుకోవడం, అత్త నావైపు తిరగడం, అప్పుడు చూసినవన్నీ ఇప్పుడు నాకు జరిగాయి. అమ్మ ఒడిలో తల పెట్టి ఏడ్చాను. ఆగలేదు. అమ్మ నూనె చేతులతోనే నన్ను పట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత కాళ్ల తన్నులాట నాకు పెద్ద కష్టమనిపించలేదు. దానికన్నా పెద్దది వచ్చి కూర్చుంది.

అప్పటికీ పూటపూటా బుడ్డి తాగుతూనే ఉన్నాను. ఒకరోజు నాలుకకు చేదు తగల్లేదు. ఇందులో ఇంకా మందు ఉందా అని అమ్మను అడిగాను.

"ఎప్పుడు పొయిందో నాకూ తెలవదు," అంది.

శెనక్కాయలు పీకే కాలానికి ఆత్మకూరు తిరిగి వచ్చాను. అమ్మ బస్సు దాకా వచ్చి, ఖాళీ బుడ్డిని ఆముదంతో నింపి చేతికిచ్చింది. కుంటుకుంటూ ఇంటి ముందుకు వచ్చేసరికి బిడ్డ వాకిట్లో ఆడుకుంటోంది. జుట్టు ఒత్తుగా పెరిగింది. గౌను కొత్తది. నన్ను చూసి లేచి లోపలికి పరుగెత్తింది. "అమ్మా, ఎవరో వచ్చినారు" అని కేక పెట్టింది.

ఆ అమ్మ మా అత్త. ఇంట్లో ఇద్దరు కొడుకులు ఆమెను అమ్మా అని పిలుస్తుంటే బిడ్డా అదే నేర్చుకుంది. మా అత్త బయటికి వచ్చి నా మొహంలోకి చాలాసేపు చూసింది. నా కళ్లు చూసి ఆమెకు తెలిసిపోయింది. బిడ్డను ఎత్తి నా చేతుల్లో పెట్టి, ఇదుగో మీ అమ్మ అని చెప్పింది. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు ఆమె. బిడ్డ నా భుజం మీదినుంచి ఆమెవైపు చేతులు చాచి ఏడ్చింది. దించేశాను.

మా అత్త చాలా ప్రయత్నం చేసింది. తనను అవ్వా అని పిలవమని బిడ్డను బతిమాలింది, కసిరింది, పిలిచినా పలక్కుండా కూర్చుంది. పలకని మనిషి దగ్గర అది బెంబేలెత్తి ఏడిస్తే మా అత్తే తట్టుకోలేకపోయింది. తన నాయన గుర్తొచ్చి ఉంటాడు. ఇక ఊరుకో అత్తా, ఎట్లా పిలిస్తే ఏమని నేనే అన్నాను.

నన్ను ఏమని పిలవాలో కొన్నాళ్లు దానికి తెలియలేదు. కొంగు లాగేది, అంతే. ఇంట్లో మా మరిది పొద్దస్తమానం నన్ను వదినా వదినా అంటుండేవాడు. ఒకరోజు నేను ఆముదం బుడ్డి తీసి తల దువ్వుకుంటుంటే బిడ్డ వచ్చి నావైపు వీపు పెట్టి కూర్చుంది.

"వదినా, నాకూ నూనె," అంది.

బుడ్డి చేతిలోకి తీసుకున్నాను. కాగితం మెట్లు నూనె పీల్చి పసుపురంగుకు తిరిగినా ఇంకా ఊడలేదు. అరచేతిలో నూనె పోసుకుని దాని మాడు మీద పెట్టాను. వంగి వాసన చూశాను. అది కదలకుండా కూర్చుంది.

పెళ్లయి అత్తగారింటికి పోయేదాకా వారం వారం నా దగ్గరే తలంటుకుంది. ఇప్పుడు దానికే మనవళ్లు ఉన్నారు. నన్ను ఈనాటికీ వదినా అనే పిలుస్తుంది.