బొంతలో ఐదో చీర

మొన్న తిరుమలగిరిలో పని ముగించుకుని నడిచి వస్తుంటే, రోడ్డు పక్కన ఎవరో పాత పరుపు విప్పి దూదిని మిషన్లో వేస్తున్నారు. ఒక పోగు గాలికి లేచి, ఆ రోడ్డు మీదున్న రెండు వేల ముక్కుల్లో నా ముక్కునే ఎంచుకుని లోపలికి దూరింది. వరసగా పదిహేడు తుమ్ములు తుమ్మాను. పదిహేడో తుమ్ముకు కంటోన్మెంటు గేటు దగ్గర కాపలా జవాను తుపాకీ సర్దుకున్నాడు. నేను ఇలాగే రాస్తానని ముందే ఒప్పుకుంటున్నాను. గోరంత దొరికితే కొండంత చేసే జబ్బు నాది. తుమ్ములు మూడే. జవాను నా వైపు చూడనే లేదు. దూది వాసన మాత్రం నిజం. ఎండకు వేడెక్కిన పాత దూదికి, దాని మీద పడుకుని లేచినవాళ్ళందరి తలనూనె వాసన ఉంటుంది. ఆ వాసనకే నాకు కాసింసాబు గుర్తొచ్చాడు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు కాబట్టి చెబుతాను. ఉప్పూ కారం ఎక్కువైన చోట మీరే తగ్గించి చదువుకోండి. పూర్తిగా నేనే అల్లింది మాత్రం ఒక్కటే ఉంటుంది. అదేదో చివర్లో నేనే చెప్పేస్తాను.

కాసింసాబు మౌలాలి గుట్ట కింద పరుపులు కుట్టేవాడు. దూదేకుల కుటుంబం, దూది ఏకే తాతల నాటి విల్లు ఒకటి గోడకు వేలాడుతుండేది. దుకాణం ఎంత చిన్నదంటే, లోపల పరుపు పరిస్తే ఆయన బయట కూర్చోవాలి, ఆయన లోపల కూర్చుంటే పరుపు బయట పడుకోవాలి. గడ్డం ఎక్కడ ఆగి దూది ఎక్కడ మొదలవుతుందో ఆయన భార్యకైనా తెలిసేది కాదనుకుంటాను. చత్వారం వల్ల కళ్ళు సరిగా ఆనేవి కావు గానీ చేతులు మాత్రం సీబీఐ వాళ్ళవి. ఒకసారి నా ముందే ఒక ఉద్యోగస్థుడు పరుపు తెచ్చి పడేస్తే, కాసింసాబు అరచేత్తో ఒక్కసారి తడిమి, "ఒక్క పక్కనే గుంత పడ్డది. బీబీ పుట్టింటికి పోయి ఎన్ని నెలలాయె సారూ?" అన్నాడు. ఆ ఉద్యోగస్థుడు పరుపు వదిలేసి పారిపోయాడని నేను చాలామందికి చెప్పాను. పారిపోలేదు. అక్కడే స్టూలు మీద కూర్చుని, "ఆర్నెల్లు" అన్నాడు. కాసింసాబు టీ తెప్పించాడు.

నేనూ సుజాతా అప్పటికి రెండేళ్ళుగా అదే వీధిలో ఒక మేడ మీది రెండు గదుల్లో ఉంటున్నాం. మా పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. రెండు వైపులా కలిపి వచ్చిన బంధువులు సున్నా. సాక్షి సంతకాల కోసం పక్క టీకొట్టు నుంచి ముగ్గురిని పిలుచుకొచ్చాను, వాళ్ళలో ఒకాయన సంతకం పెట్టి, "ఇంతకీ పెళ్ళికూతురు ఎవరు?" అని అడిగాడు. జనగామలో మా నాన్న నా పేరు రేషన్ కార్డులోంచి కొట్టేయించాడని విన్నాను. సుజాత వాళ్ళింట్లో అంత దూరం కూడా వెళ్ళలేదు, అసలు ఆ పేరుతో కూతురే లేదన్నట్టు ఊరుకున్నారు. పండక్కి మేమిద్దరం ఒకరికొకరం బంధువుల్లా మర్యాదలు చేసుకునేవాళ్ళం. ఇంకా కాస్త వడ్డించుకో అని ఆమె, అయ్యో చాలండీ అని నేను.

సుజాతకు ఏడో నెల వచ్చింది. వేరే ఇళ్ళల్లో అయితే ఆ నెలలో గాజులవాడు, పూలు, అత్తలు, పిన్నులు. మా ఇంట్లో నేనూ, నా చేతిలో ఒక తెల్లకాగితమూ. బిడ్డకు కొనవలసినవి రాయడం మొదలుపెట్టాను. ఉయ్యాల, దోమతెర, పాలసీసా, గిలక్కాయ అంటూ మొదలైన ఆ జాబితా అరవై నాలుగు దాకా పోయింది. మనుషులు రాని ఇంట్లో సామానైనా కిక్కిరిసి ఉండాలని నా లోపల ఎవడో పట్టుబట్టాడు. సుజాత చదివి, "యాభై రెండోది ఏమిటి, టై?" అంది. "స్కూలుకు." "పుట్టాక ఒక ఏడాదైనా ఇంట్లో ఉండనిద్దామా?" అని, కాగితం మడిచి పక్కన పెట్టి, "పుట్టకముందు ఏమీ కొనకూడదంటారు" అంది. "ఎవరంటారు?" అన్నాను వాదనకు. "ఎవరో ఒకరు ఉంటే అనేవాళ్ళు" అంది.

మర్నాడు ఆ జాబితా పట్టుకుని, నాలుగు మీటర్ల మెత్తటి కొత్త బట్ట కూడా కొనుక్కుని కాసింసాబు దగ్గరికి వెళ్ళాను. బిడ్డకు పడక కుట్టమన్నాను. ఆయన జాబితా మొత్తం నాచేత చదివించుకున్నాడు. టై దగ్గర ఒకసారి కళ్ళు మూసుకున్నాడు.

"అంత మంచిగనే ఉంది. గిండ్ల బొంత ఏది సారూ?"

"అదే కుట్టమంటున్నా చాచా. ఇదిగో బట్ట."

ఆయన బట్టను రెండు వేళ్ళ మధ్య నలిపి, నా ఒళ్ళోకి తోసేశాడు. "కొత్త బట్టతోని బిడ్డకు బొంత కుడ్తరా? గరుకుంటది. గంజి ఉంటది. అంగీ కుట్టిచ్చుకో. బొంతకు పాత చీరలు తే. ఐదు తే చాలు."

"మా ఆవిడకు ఉన్నవే నాలుగు. అన్నీ పెళ్ళయినంక కొన్నవే."

"మీ అమ్మవి తే. అత్తవి తే."

నేను రోడ్డు మీద పోతున్న ఆటో నంబరు చదవడం మొదలుపెట్టాను. కాసింసాబు ఆ చూపును కూడా తడిమి చూశాడు కాబోలు, ఇంకేం అడగలేదు. సూదిలో దారం ఎక్కించుకుంటూ, "ఐదు" అన్నాడు మళ్ళీ.

కొత్తది ఏదైనా కొనగలను. పాతది ఎక్కడ కొనాలి? రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక, వీధిలో "పాతబట్టలకు స్టీలు సామాన్" అనే కేక వినిపించింది. పాత బట్టలు తీసుకుని స్టీలు గిన్నెలు ఇచ్చే మనిషి. నేను కొత్త స్టీలు బిందె ఒకటి భుజాన పెట్టుకుని ఆమె వెంట పరిగెత్తాను. మౌలాలి నుంచి నేరేడ్‌మెట్ దాకా పరిగెత్తానని రాయాలని ఉంది. రెండు వీధులే.

"అమ్మా, ఈ బిందె తీసుకో. నీ మూటలో చీరలు ఇయ్యి."

ఆమె తలమీది గంప దించలేదు. "గట్ల ఉల్టా ఉండదు. నువ్వు బట్టలియ్యాలె, నేను గిన్నెలియ్యాలె."

"ఇయ్యాల ఒక్కరోజు ఉల్టా అనుకో."

"బిందెకు చిల్లు ఉన్నదా?" అని అటూ ఇటూ తిప్పి, ఎండకెత్తి చూసి, చివరికి నా బుర్రకే చిల్లు ఉందని నిర్ధారించుకున్నాక ఏడు చీరలు ఇచ్చింది. వెళ్తూ వెళ్తూ, "ఇంట్ల ఆడోళ్ళు లేరా?" అని అడిగింది. వాటిని సుజాత మూడుసార్లు వేడినీళ్ళలో ఉతికింది. ఎక్కడివని అడగలేదు. బిందె కనబడకపోవడం చూసి తెలుసుకుంది.

కాసింసాబు ఆ ఏడింటినీ ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కటే తడిమాడు. మెత్తగా ఉన్నాయి. నేను గర్వంగా నిలబడ్డాను.

"ఇది ఎవల్ది?"

"తెల్వదు చాచా."

"ఇది?"

ఏడుసార్లు అడిగాడు. ఏడుసార్లు తెలియదన్నాను. ఆయన చీరలన్నీ మడత చెడకుండా మూట కట్టి నా చేతికిచ్చాడు. "బొంత మీద బోర్లపడి, వేలువెట్టి, నాయినా ఈ ముక్క ఎవరిదని అడుగుతది బిడ్డ. ఏం జెప్తవ్? బిందెది అంటవా?"

"చిన్నపిల్లకేం తెలుస్తది చాచా."

"నీకు తెలుస్తది గదా." ఆయన గొంతు పెంచలేదు. "కొననీకి ఎవ్వలక్కర్లేదు సారూ. షాపుకు పోతె అయిపాయె. పోయి అడుగు. ఎవలనన్న అడుగు."

నాకు అడగడం రాదు. ఇల్లు వదిలిన రోజు నుంచి ఎవరినీ ఏమీ అడగకుండా బతకడమే మగతనం అనుకున్నాను. కింది వాటాలో ఇంటావిడ అండాలమ్మకూ నాకూ రెండేళ్ళుగా నీళ్ళ మోటరు మీద యుద్ధం నడుస్తోంది. అంతకు మించి మా మధ్య ఒక్క మాట లేదు. ఆమె తలుపు ముందు నేను నిలబడిన సేపట్లో ఒక చింతచెట్టు నాటి కాయలు కోసుకోవచ్చు. తలుపు తీసి, "మోటరేనా?" అంది.

"కాదమ్మా. పాత చీర ఒకటి కావాలె."

"ఎవల్ది?"

"మీదే."

నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "తాగినవా?"

బొంత గురించి చెప్పాను. ఏడో నెల అని చెప్పాను. అండాలమ్మ నడుం మీద చేతులు వేసుకుంది. "రెండేండ్ల సంది మోటర్ కోసం గొంతు చింపుకుంటివి. గీ ముచ్చట చెప్పనీకి నోరు రాలేదా నీకు?" లోపలికి వెళ్ళి, రంగు వెలిసిన నేత చీర ఒకటి తెచ్చి, "మా పెద్దోడు కడుపుల ఉన్నప్పుడు కట్టిన. పో" అంది. ఆ సాయంత్రం సర్వపిండి గిన్నె పట్టుకుని ఆమె మేడెక్కింది. మా గుమ్మం దాటిన మొదటి చుట్టం. సుజాత పక్కన కూర్చుని నా జాబితా తీయించి, "గిది వద్దు, గిది సుత వద్దు, గీ టై ఎవనికి?" అంటూ అరవై నాలుగును తొమ్మిదికి దించింది. ఆ తొమ్మిదీ కూడా పుట్టినంకనే కొనాలని ఖరాఖండిగా చెప్పింది. సుజాత నా వైపు చూసి నవ్వింది. అనేవాళ్ళు దొరికిన నవ్వు.

ఆ తర్వాత పదకొండు ఇళ్ళు తిరిగాను. సరే, రెండు. ఎదురింటి టీచరమ్మ ఒకటి, కిరాణా కొట్టు యాదమ్మ ఒకటి ఇచ్చారు. కాసింసాబు భార్య ఒకటి ఇచ్చింది. నాలుగయ్యాయి. ఐదోది నేనే కొంటానని అనబోతే కాసింసాబు నా మాట పూర్తి కానివ్వలేదు.

"అమ్మనడిగినవా?"

ఎస్టీడీ బూత్‌కు వెళ్ళి జనగామకు ఫోన్ చేశాను. నాన్న ఎత్తాడు. "నాన్నా, నేను. సుజాతకు ఏడో నెల. అమ్మది పాత చీర ఒకటి కావాలె, బొంతకు" అన్నాను. అవతల మా ఇంటి గోడగడియారం చప్పుడు వినిపించింది. తర్వాత నాన్న ఫోన్ పెట్టేశాడు.

నాలుగో రోజు బస్సు పార్శిల్లో అమ్మ చీర వచ్చింది. పచ్చంచు చీర.

కాసింసాబు బొంత కుడుతున్నంతసేపూ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఒక్కో చీర పరిచేటప్పుడు, "పేరు చెప్పు" అనేవాడు. అండాలమ్మ. టీచరమ్మ సరళాదేవి. యాదమ్మ. నాలుగోదానికి నన్నడగకుండా తనే, "మా ఫాతిమా" అన్నాడు, కొంచెం సిగ్గుపడుతూ. ఐదో చీర మీద ఆయన చెయ్యి మిగతావాటికంటే ఎక్కువసేపు ఆగింది.

"ఇది?"

"మా అమ్మది."

"పేరు?"

"ఈశ్వరమ్మ."

"ఈశ్వరమ్మ" అని తనూ ఒకసారి అని, "ఇది మీదికి, నడుమల వెడ్త సారూ. బిడ్డ తల ఆడికొస్తది" అన్నాడు.

మా అమ్మాయి మానస ఆ బొంత మీదే బోర్లపడింది. మాటలు వచ్చాక, కాసింసాబు చెప్పినట్టే, అంచుల్లో బయటికి కనబడే ఒక్కో రంగు మీదా వేలు పెట్టి అడిగింది. చెప్పాను. దానికి మూడేళ్ళప్పుడు కాసింసాబు పోయాడు. ఆయన దుకాణంలో ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. దానికి ఆరేళ్ళప్పుడు మా అమ్మ పోయింది. ఆ సంగతి నాకు పెద్దకర్మ కూడా అయిపోయాక ఒక పాత స్నేహితుడి ద్వారా తెలిసింది. ఇప్పుడు మానస వరంగల్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, బొంతను వెంట తీసుకెళ్ళింది. పోయిన వారం ఫోన్ చేసి, "నాన్నా, నానమ్మ ముక్క చిరిగింది. ఏ రంగు దారంతో కుట్టాలి?" అని అడిగింది.

ఇక చెప్పవలసింది చెబుతాను. మూడు తుమ్ములను పదిహేడు చేసేవాణ్ణి, బస్సు పార్శిలు దగ్గర రెండు ముక్కలు రాసి ఊరుకున్నాను. మీకు అనుమానం రావలసింది. పార్శిలు రాలేదు. నాలుగు రోజులు కాదు, పద్దెనిమిది రోజులు బస్టాండుకు వెళ్ళి అడిగాను. ఈ పద్దెనిమిదిని తగ్గించకండి, నిజం లెక్కే. పంతొమ్మిదో రోజు ఇంటికొచ్చి, కాసింసాబు తిప్పి పంపిన మూట విప్పి, పచ్చంచు చీర ఒకటి తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళి మా అమ్మదని చెప్పాను.

ఆయన చేతులు ఆ చీరను నెల కిందటే తడిమాయి. ఒక పరుపును తడిమి ఒంటరివాణ్ణి పట్టుకున్న చేతులు అవి. సుజాతకూ తెలుసు, మూడుసార్లు ఉతికింది తనే. ఇద్దరూ నాతో ఒక్క మాట అనలేదు.

ఆయన నేర్పింది నాకు సగమే అబ్బింది. అడగడం అబ్బింది. ఇప్పుడు అపార్ట్‌మెంటులో ఇంట్లో నిచ్చెన ఉన్నా పక్కవాళ్ళని నిచ్చెన అడుగుతాను, తెలిసిన అడ్రసే దారినపోయేవాళ్ళని అడుగుతాను. రెండో సగం, ఈ ముక్క ఎవరిదని బిడ్డ అడిగితే నిజం చెప్పడం, ఇరవై రెండేళ్ళుగా చేతకాలేదు. సఫిల్‌గూడలోనో నేరేడ్‌మెట్‌లోనో ఎవరో ఒకావిడ, టిఫిన్ గిన్నె కోసం ఆ చీర ఇచ్చేసి ఉంటుంది. తనకొక మనవరాలు ఉందని ఆమెకు తెలియదు. పచ్చదారం వాడమని మానసకు ఫోన్లో చెప్పాను. మిగతాది ఫోన్లో చెప్పలేక ఇక్కడ రాశాను.